మోకాళ్ళ గచ్చు

మట్టం మేస్త్రీ ఎదుటి గోడ దగ్గర మొదలుపెట్టి అప్పటికి మూడడుగులు వెనక్కి జరిగాడు. గొంతుక్కూచున్న మనిషి లేవకుండానే, బరువు ఒకసారి ఈ మడమ మీదికీ ఒకసారి ఆ మడమ మీదికీ మార్చుకుంటూ జరుగుతాడు. కుడిచేతిలో తాపీ అర్ధచంద్రంలా తిరుగుతూ ఉంటుంది. ఎడమచేతికీ పని ఉంది. సిమెంటు మాలులో రాయిపలుకు తగిలితే చూడకుండానే ఏరి, భుజం మీదుగా వెనక్కి విసిరేస్తుంది. ముందు పరుచుకున్న గచ్చు తడితడిగా, బూడిదరంగులో, కిటికీలోంచి వచ్చే వెలుతురంతా తనదే అన్నట్టు మెరుస్తోంది.

గచ్చు పనికి ఒకటే పద్ధతి. లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి గుమ్మం దగ్గర తేలాలి. చేసిన దాని మీద చేసినవాడు అడుగు పెట్టకూడదు. ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఇలా వెనక్కి జరుగుతున్నాడు కాబట్టి, అతని భార్య లెక్క ప్రకారం ఈపాటికి అతను పుట్టకముందు కాలానికి చేరిపోయి ఉండాలి. ఇళ్ళు వేశాడు, బళ్ళు వేశాడు, రెండు ఆసుపత్రులు వేశాడు. ఆరిన తర్వాత వాటిలో ఒక్కదాంట్లోకీ వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు కూడా చేతిలోంచి ఏదన్నా జారిపడితే తప్ప నేలవైపు చూడరు.

మట్టం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. నేల ఏ పక్కకి వాలిందో కళ్ళతోనే చెప్పేస్తాడని తోటి పనివాళ్ళు పెట్టారు. పెళ్ళికి ముందు మొదటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు తన మొహం చూడకుండా గది నేలే చూశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. ఆ నేల నిజంగానే తప్పుగా పోశారని అతను ఇప్పటికీ వాదిస్తాడు. ఆమె ప్రతి ఆదివారం, ఇప్పుడు గచ్చు వేస్తున్న ఈ పిల్లల హాస్టలు పక్కనున్న చర్చికి వెళుతుంది. అతను గేటు దాకా దిగబెట్టి ఆగిపోతాడు. లోపల గచ్చు వేరే మేస్త్రీ వేశాడట, దాన్ని చూస్తూ కళ్ళు మూసుకోవడం తన వల్ల కాదట.

"మాలు చాలా, ఇంకో తట్ట తేనా?" గుమ్మంలోంచి భార్య అడిగింది. మాలు కలిపేదీ మోసేదీ ఆమే.

"తే. కాస్త పలచగా తే."

"మనసు కూడా కాస్త పలచబరుచుకో. వాళ్ళొస్తున్నారు."

వాళ్ళంటే నగరంలోని ఒక పెద్ద చర్చి నుంచి సేవాయాత్రకి వచ్చిన పన్నెండుమంది. ఈ పిల్లల హాస్టల్లో ఐదు గదులకు గచ్చు వెయ్యడానికి ఆరు రోజులు సెలవు పెట్టుకుని వచ్చారు. ఇవాళ ఆరో రోజు, ఇది ఐదో గది, సాయంత్రం నాలుగింటికి బస్సు. అందరికీ ఒకే పసుపుపచ్చ టీషర్టు, వీపు మీద 'పనిచేసే చేతులు' అని అచ్చు. మొదటిరోజు ఆ చేతులు పట్టుకున్న పారలకి ఇప్పటికీ తేరుకోవడం కష్టంగానే ఉంది.

వాళ్ళ నాయకుడు కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే కుర్రాడు. టీ కావాలన్నా నాలుగువేల మందిని ఉద్దేశించి అడిగినట్టు అడుగుతాడు. పనివాళ్ళు అతనికి మైకు అని పేరు పెట్టేశారు. మొదటిరోజు మేస్త్రీ రావడం రెండు గంటలు ఆలస్యమైతే, మైకు ఆగలేక ఐదుగురిని వెంటేసుకుని గచ్చు పని ప్రారంభించాడు. గుమ్మం దగ్గర ప్రారంభించాడు. పాటలు పాడుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుంటూ ఎదుటి మూలకి చేరుకున్నారు. వెనక్కి తిరిగి చూస్తే గదంతా తడి గచ్చు, మూలలో రెండడుగుల పొడినేల, దానిమీద ఆరుగురు. గ్రూపు ఫోటోకి నిలబడ్డట్టు మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. మేస్త్రీ భార్య కిటికీ ఊచల్లోంచి కర్రకి కట్టి నీళ్ళసీసా అందించింది. ఆ సాయంత్రం 'దేవుడు మనల్ని మూలకు ఎందుకు చేరుస్తాడు' అన్న విషయం మీద మైకు నలభై నిమిషాలు మాట్లాడాడు. అందరూ నోట్ బుక్కుల్లో రాసుకున్నారు. ఆ గచ్చుని మర్నాడు మేస్త్రీ గీకేసి మళ్ళీ వేశాడు. గీకడం గురించి ఎవరూ ఏమీ రాసుకోలేదు.

అప్పుడే, ఆ రెండోరోజే, లైబ్రరీ అమ్మగారు వచ్చి అతని పక్కన నిలబడింది.

ఆమె ఆ పన్నెండుమందిలో ఒకతె, ఒక స్కూల్లో ముప్ఫై ఏళ్ళు లైబ్రరీ చూసి రిటైరైన మనిషి. అరవై ఎనిమిదేళ్ళు. పల్చటి చెయ్యి, పల్చటి జుట్టు, సిమెంటు బస్తా ఎత్తేటప్పుడు కూడా పక్కవాళ్ళకి ఇబ్బందనట్టు గుసగుసగా "కాస్త సాయం పట్టండి" అనే గొంతు. "మేస్త్రీగారూ, ఒక మాట అడగచ్చా?" అంది. "రోజంతా ఇలా నేలమీదే ఉంటారు కదా. మనసులో ఏమనుకుంటూ ఉంటారు?"

ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు అతన్ని ఎప్పుడు అయిపోతుందని అడిగారు. డాక్టర్లు ఎక్కడ నొప్పని అడిగారు. భార్య ఎటు చూస్తున్నావని అడిగింది. ఏమనుకుంటున్నారని మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరూ అడగలేదు. అతను నిజంగానే లోపలికి చూసుకున్నాడు. అక్కడ చెప్పుకోదగ్గది ఏదీ కనబడలేదు. ఒట్టి చేతులతో ఎదురుపడాల్సి వచ్చిన మనిషికి నోటికేదొస్తే అదే దిక్కు కదా. మొహంలో ఒక్క ముడత కదలకుండా అన్నాడు:

"ఇది గచ్చు కాదమ్మా, మోకాళ్ళ ప్రార్థన. తడి మోకాలికి తగలాలి. మధ్యలో పట్టా, గోనె అడ్డం పెట్టామా, దేవుడికి సగమే వినబడుతుంది."

నిజానికి అతను గొంతుక్కూచుంటాడే తప్ప పనిలో మోకాలు నేలకి ఆనించడు. ఏ మేస్త్రీ ఆనించడు. గుమ్మంలో భార్య తట్టని మొహానికి అడ్డం పెట్టుకుంది. బయట ఇసక జల్లిస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు జల్లెడ వదిలేసి గోడ చాటుకెళ్ళారు. లైబ్రరీ అమ్మగారు మాత్రం నడుముకి కట్టుకున్న సంచీలోంచి చిన్న పుస్తకం తీసి, "దేవుడికి... సగమే... వినబడుతుంది" అని పలుకుతూ, గుండ్రటి అక్షరాలతో రాసుకుంది.

తన మాట కాగితం మీదికెక్కడం మేస్త్రీ మొదటిసారి చూశాడు. తర్వాత నాలుగు రోజుల్లో అతని నోట్లోంచి దాదాపు పదిహేను సత్యాలు వెలువడ్డాయి. జల్లెడ గురించి ఒకటి, గచ్చు సరిచూసే బద్ద గురించి రెండు, నీళ్ళ గొట్టం గురించి ఒకటి. ఆఖరిది మైకు టీషర్టు మీద అచ్చు వేయిస్తానన్నాడు. పసుపుపచ్చ టీషర్టులన్నీ పట్టాలు పక్కన పారేసి మోకాళ్ళ మీద కూచున్నాయి. కుర్రవాళ్ళు పది నిమిషాలకొకసారి నడుం పట్టుకుని లేచి, కాళ్ళు దులుపుకుని, నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయేవాళ్ళు. లైబ్రరీ అమ్మగారు లేచేది కాదు.

ఇవాళ పొద్దున ప్రార్థనలో ఆమె ఆ వాక్యాన్నే అందరికీ చదివి వినిపించింది. "ఈ యాత్రలో నాకు దొరికింది ఇదే" అంది. మేస్త్రీ గది లోపల ఉన్నా విన్నాడు. విని, తాపీ అంచు తుడుచుకున్నాడు.

ఇప్పుడామె వచ్చి అతనికి ఎడమపక్క మోకాళ్ళ మీద కూచుంది. టీషర్టు కింద చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. మోకాళ్ళ దగ్గర లోపలి లంగా నిన్నటి సిమెంటుతో అట్టకట్టి ఉంది, దానిమీద ఇవాళ్టి తడి ఎక్కుతోంది. ఆమె చెక్కతో మాలు సర్దుతుంటే అతను తాపీతో నున్నచేస్తూ వెనక్కి జరుగుతున్నాడు. ఆమె అతనితోపాటు మోకాళ్ళు ఈడ్చుకుంటూ జరుగుతోంది.

మేస్త్రీ కళ్ళు ఆమె మోకాళ్ళ మీద పడి, అక్కణ్ణించి తన కుడి చీలమండ మీదికి వెళ్ళాయి. అక్కడ అరచెయ్యంత మేర వెంట్రుకలు లేని నున్నటి మచ్చ. ఇరవై రెండేళ్ళప్పుడు చిరిగిన బూటుతో పచ్చి కాంక్రీటులో ఒక పూటంతా నిలబడ్డాడు. పచ్చి సిమెంటు నిప్పులాగా చెప్పి కాల్చదు. నిలబడ్డంతసేపూ కాస్త వెచ్చగా, హాయిగానే ఉంటుంది. సాయంత్రం బూటు విప్పితే తోలు కూడా దాంతోనే వస్తుంది. ఇది ఈ గదిలో అతనికంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. నాలుగు రోజుల కిందట కూడా తెలుసు. ఆవిడ ఇంతసేపు కూచుంటుందని తెలీదు, అంతే. ఆ 'అంతే' దగ్గర అతను కళ్ళు తిప్పుకుని మళ్ళీ గచ్చు చూశాడు.

మాలు దించుతూ భార్య వంగి చెవిలో అంది. "నాలుగు రోజుల నుంచీ అదే తడిలో ఉందావిడ. చెప్పవయ్యా."

"ఏమని?"

"ఎకసెక్కానికన్నాను, లేవండమ్మా అని."

"నాలుగింటికి వెళ్ళిపోతారుగా."

"నీ సిగ్గు నాలుగింటికి పోతుంది. ఆవిడ మోకాళ్ళు పోవూ?"

ఆమె తట్ట విసురుగా ఎత్తుకుని వెళ్ళిపోయింది. మేస్త్రీ ఇంకో అడుగు వెనక్కి జరిగాడు. చెబితే ఏమవుతుంది? ఏమీ కాదు. పన్నెండుమంది తమ పుస్తకాలు తెరిచి ఒక్కో వాక్యం కొట్టేస్తారు. ఒక మనిషి ఏమనుకుంటాడో అడిగితే ఆ మనిషి వెకిలిగా నవ్వుకున్నాడని తెలుస్తుంది. రేపటినుంచి అతను మళ్ళీ ఎవరూ చూడని నేల వేసుకుంటాడు. అంతమాత్రానికి నోరు పెగలకపోవడమేమిటో అతనికే అర్థం కాలేదు.

ముందు అబద్ధంతోనే అబద్ధాన్ని లేపుదామని చూశాడు.

"అమ్మా, ఇక్కడ అయిపోవచ్చింది. మీరెళ్ళి బయట ఇసక చూడండి."

"ఇసక వాళ్ళు చూస్తున్నారు కదా. ఆఖరి గది, ఉండనివ్వండి."

అతను గుమ్మం దగ్గరున్న ఖాళీ బస్తా మడతపెట్టి ఆమె ముందుకు తోశాడు. ఆమె దాన్ని చూసి, తప్పుచేస్తున్న పిల్లాణ్ణి చూసినట్టు చిరునవ్వు నవ్వి, పక్కకి జరిపేసింది. "మీరే ఇలా చేస్తే ఎలా మేస్త్రీగారూ. సగమే వినబడుతుంది."

"అదీ... గొంతుక్కూచుని చేసినా వినబడుతుందమ్మా. చూడండి, నేను కూచోలేదూ? కూచునే తీరునిబట్టి కాదు."

మైకు కిటికీలోంచి ఇది విన్నాడు. "కూచునే తీరునిబట్టి కాదు" అని నాలుగువేల మందికీ వినిపించి, పుస్తకం తీశాడు. "ఇది ఇంకా లోతుగా ఉంది మేస్త్రీగారూ. ఒక్కసారి మళ్ళీ చెప్పరా?"

లైబ్రరీ అమ్మగారు తల అడ్డంగా ఊపింది. "అది ఆయన స్థాయికి వచ్చినవాళ్ళకి బాబూ. నేనింకా మోకాళ్ళ దగ్గరే ఉన్నాను."

మేస్త్రీ తాపీ గచ్చులో దిగబడింది. గచ్చు మీద అలాంటి గాటు అతని చేతిలో పడి పాతికేళ్ళయింది. దాన్ని సర్దుతూ, ఇంకో రెండు చారలు వేస్తే చెప్పేద్దామనుకున్నాడు. రెండు అయ్యాయి. ఈ బారు అయిపోగానే అనుకున్నాడు. బారు అయిపోయింది. ఇలా వాయిదా వేసుకుంటూ మధ్యాహ్నం దాకా, దాదాపు గుమ్మం దాకా, వెనక్కి జరిగాడు.

భోజనాలకి పిలిచారు. లైబ్రరీ అమ్మగారు లేవబోయి, లేవలేకపోయింది. నొప్పన్నట్టు మొహం పెట్టలేదు. లేవమని చెబితే కాళ్ళు వినలేదన్నట్టు ఆశ్చర్యంగా వాటివంక చూసింది. మేస్త్రీ భార్య చంకల కింద చేతులేసి లేపింది. నేలను వదిలేటప్పుడు గుడ్డ కొంచెం పట్టి లాగింది. భార్య ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని, ఆవిణ్ణి నడిపించుకుంటూ పెరట్లో కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి బండమీద కూచోబెట్టింది. గుడ్డ తడిపి తడిపి, మెల్లగా పైకి మడిచింది. తర్వాత మొగుడివంక చూసింది.

రెండు మోకాళ్ళూ తెల్లగా ఉబ్బి, మధ్యలో నల్లబడి ఉన్నాయి. ఎడమదాని మీద తోలు గుడ్డకి అంటుకుని వచ్చేసింది.

"అయ్యో, ఇంతయిందా" అంది లైబ్రరీ అమ్మగారు, ఎవరిదో పుస్తకం చిరిగితే అన్నట్టు. "నాకు తెలీదమ్మాయ్. షుగరు కదా. పదేళ్ళుగా మోకాళ్ళ నుంచి కిందికి ఏమీ తెలీదు. ముల్లు గుచ్చుకున్నా చూసుకుంటే తప్ప తెలీదు."

భార్య కుళాయి పూర్తిగా విప్పి, గొట్టం మోకాళ్ళ మీద పట్టింది. నీళ్ళు తెల్లగా వెళ్ళాయి. ఆమె గొట్టం తియ్యలేదు. పసుపుపచ్చ టీషర్టులు చుట్టూ చేరాయి. ఎవరో హాస్టలు కారు తియ్యమని అరిచారు.

"నిన్నటినుంచీ కాస్త వెచ్చగా అనిపించింది" అంది లైబ్రరీ అమ్మగారు. మాట మేస్త్రీతోనే. మొహంలో నొప్పి లేదు, ఒక రకమైన బిడియం ఉంది. "పదేళ్ళ తర్వాత నా మోకాళ్ళకి ఏదో తెలిసింది. మీరు చెప్పిందే అనుకున్నాను. వినబడుతోందేమో అనుకున్నాను."

మేస్త్రీకి కుళాయి బండ అంచు, దానిమీంచి జారే నీళ్ళు, నీళ్ళు పారే వాలు కనిపించాయి. వాలు సరిగ్గానే ఉంది. తల ఎత్తడానికి ఇంకే సాకూ దొరకలేదు.

"అది సిమెంటమ్మా" అన్నాడు.

ఆమె వింటోంది.

"మోకాళ్ళ ప్రార్థనా లేదు, ఏమీ లేదు. పనిలో ఎవరం మోకాలు ఆనించం. కాలుతుందని నాకు తెలుసు. మీరడిగితే ఏం చెప్పాలో తెలీక ఎకసెక్కానికన్నాను. పొద్దుటినుంచీ చెబుదామనే అనుకుంటున్నాను." పొద్దుటినుంచీ అన్నమాట పన్నెండుమంది మధ్యా నిలబడి ఉంది.

లైబ్రరీ అమ్మగారు గొట్టం పట్టుకున్న మనిషివంక చూసింది, తర్వాత ఇసక దగ్గరి ఆడవాళ్ళవంక చూసింది. వాళ్ళు తల దించుకున్నారు.

"నేను రాసుకుంటున్నప్పుడు నవ్వారా?" అని అడిగింది, గుసగుసగా.

"నవ్వామమ్మా" అన్నాడు మేస్త్రీ.

"అందరూ?"

"అందరం."

ఆమె తల ఊపింది. పైకి మడిచిన గుడ్డని మోకాళ్ళ మీదికి లాక్కోబోయింది, తడి మోకాళ్ళు అందరికీ కనబడుతున్నాయని అప్పుడే తట్టినట్టు. భార్య ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

మైకు గొంతు సవరించుకున్నాడు. "ఆంటీ, ఇందులో కూడా దేవుడు మనకేదో..."

"ఒక్క నిమిషం ఊరుకో నాయనా" అంది లైబ్రరీ అమ్మగారు.

అతను ఊరుకున్నాడు. కారు గేటు దగ్గరికి వచ్చింది. ఆసుపత్రిలో చూపించి, అటునుంచి అటే నగరానికి తీసుకెళ్ళిపోతామన్నారు. షుగరున్న ఒంటికి ఇలాంటివి త్వరగా మానవని ఒకమ్మాయి ఎవరితోనో ఫోన్లో అంటోంది. కాలు, వేలు, తీసెయ్యడం అని ఏవో మాటలు వినబడ్డాయి. మేస్త్రీ విననట్టు నిలబడలేకపోయాడు. తడిగుడ్డలు కప్పి, ఇద్దరు చెరోపక్కా పట్టుకుని, పదండి పదండి అంటూ ఆమెని నడిపించారు.

కారు తలుపు దగ్గర ఆమె ఆగి వెనక్కి తిరిగింది.

"మరి నిజంగా ఏమనుకుంటారు, మేస్త్రీగారూ?"

కోపంతో అడిగినట్టు లేదు. క్షమించినట్టూ లేదు. అడిగినదానికి జవాబు రాలేదు కాబట్టి మళ్ళీ అడిగింది, అంతే. అతను నోరు తెరిచాడు. వెనకనుంచి ఎవరో ఆమె తల తగలకుండా చెయ్యి అడ్డంపెట్టి లోపల కూచోబెట్టారు. తలుపు వేశారు. కారు మెల్లగా, గుంటలు చూసుకుంటూ, మలుపు తిరిగింది.

ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. అంటే బాగుండేది. కుర్రవాళ్ళు సామాన్లు సర్దుకోవడానికి వెళ్ళిపోయారు. మైకు వెళుతూ వెళుతూ, పుస్తకం చేతిలో పెట్టుకునే, "గచ్చు ఆరిపోతుందేమో చూడండి" అని మామూలు గొంతుతో చెప్పాడు. ఆ గొంతు అతనికి ఉందని అప్పుడే తెలిసింది.

గచ్చు నిజంగానే బిగిసిపోతోంది. గుమ్మం దగ్గర ఒక బారెడు మిగిలి ఉంది, ఆమె చెక్కతో సర్ది వదిలేసిన చోటు. వంకరటింకరగా ఉంది. మేస్త్రీ వెళ్ళి గొంతుక్కూచున్నాడు. నీళ్ళు చిలకరించి, బిగిసినచోట తాపీతో నొక్కి, ఒక చార, పక్కన ఇంకో చార వేశాడు. చెయ్యి దాని పని అది చేసుకుంది. అతను దానివంక పరాయివాడి చేతిని చూసినట్టు చూశాడు.

భార్య గుమ్మం బయట నిలబడి ఉంది. లోపలికి వంగి అడిగింది. "ఆవిడకేం చెప్పేవాడివి?"

"ఏముంది చెప్పడానికి." తాపీ తిరుగుతూనే ఉంది. "మూలల దగ్గర బాగా కలిసిందా లేదా. నీళ్ళు పోస్తే బయటికి పోతాయా, మధ్యలో నిలుస్తాయా. ఎవరైనా జారిపడతారా. అంతే. రోజంతా అదే అనుకుంటాను."

"అదే చెప్పాల్సింది."

"అది ఒక మాటా?"

భార్య గుమ్మం వదిలి పక్కకి జరిగింది. అతను గుమ్మం దాటి, ఆఖరి చార వేసి, తాపీ ఎత్తాడు. గచ్చు గోడనుంచి గోడదాకా ఒక్క గీతలేకుండా ఉంది. అతను వేసినవాటిలో ఇంత నున్నటిది లేదేమో. మొదటిసారి అతను ఆ నేలవంక చూడకుండా తిరిగాడు.

తాపీ కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. గొట్టం కట్టేశారు కానీ చుక్క చుక్క కారుతోంది. బండ పక్కన, తడిలో, ఒక చెప్పు ఉంది. ఎడమకాలిది. రెండోది ఆవిడ కాలికి ఉండి ఉండాలి. ఇక్కణ్ణించి గేటుదాకా ఉన్న కంకర మీద ఆవిడ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నడిచి వెళ్ళింది. పట్టుకుని నడిపించినవాళ్ళు చూడలేదు. ఆవిడకి తెలిసే వీలే లేదు.

మేస్త్రీ గేటుదాకా పరిగెత్తాడు. రోడ్డు ఖాళీగా ఉంది. తిరిగొచ్చి కుళాయి దగ్గర నిలబడ్డాడు, వంగి తీసుకోవడానికి చెయ్యి రాలేదు. చిన్న చెప్పు, మడమ దగ్గర ఒక పక్కకే అరిగింది, పట్టీ తెగినచోట ఇంట్లోనే సూదీదారంతో కుట్టుకున్న నల్లటి కుట్లు నాలుగు, నీటిచుక్క పడ్డప్పుడల్లా అది కొంచెం కదిలి మళ్ళీ సర్దుకుంటోంది.